పారకు పదును, నేలకు పదును: తీసిన కలుపు మళ్లీ ఎందుకు మొలుస్తుంది?

"పోయిన ఆదివారం పొద్దున్నే పార పట్టుకుంటే మధ్యాహ్నం దాకా తవ్వుతూనే ఉన్నాను. ఈ ఆదివారానికి చూస్తే ముందుకన్నా ఎక్కువ మొలిచింది." తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల పెరట్లో నాలుగు మడులు వేసుకున్నవాళ్లు అక్టోబరు, నవంబరు నెలల్లో కలిస్తే మొదట వచ్చే మాట ఇదే. చేసిన కష్టం అబద్ధం కాదు, మొలిచిన కలుపూ అబద్ధం కాదు.

ఈ మధ్య దీనికి ఇంకో చిక్కు తోడైంది. ఫోన్‌లో కలుపు పనిముట్లని వెతికితే పదిహేను రకాలు కనిపిస్తాయి. లాగేది, తోసేది, చక్రం ఉన్నది, పళ్లున్నది, కడియంలా ఊగేది. ప్రతి వీడియోలోనూ మనిషి నిలబడి అలవోకగా లాగుతుంటే కలుపు పొరలా లేచి వస్తుంది. అదే పనిముట్టు తెప్పించుకుని మన ఎర్ర నేలలో పెడితే పైపైన గీరుకుంటూ జారిపోతుంది. పనిముట్టు మంచిది కాదనుకుంటాం. చాలాసార్లు లోపం దానిది కాదు. ఆ పనిముట్టు ఏ పనికి పుట్టిందో, ఏ నేలలో, ఏ వయసు కలుపు మీద పనిచేస్తుందో మనకు ఎవరూ చెప్పలేదు, అంతే.

తెలుగులో ఒక చక్కని మాట ఉంది: పదును. కత్తికి ఉండేదీ పదునే, వాన పడ్డాక నేలకు వచ్చేదీ పదునే. కలుపు తీసే పార సంగతంతా ఈ రెండు పదునుల మధ్యే ఉంది.

ఒకే పేరు, మూడు వేరు పనులు

మన ఇళ్లలో 'పార' అంటే ఒక్కటే వస్తువు. దానితోనే పాదు తీస్తాం, కాలువ కడతాం, పేడ ఎత్తుతాం, గడ్డి చెక్కుతాం. కానీ నేల మీద చేసే పనులు మూడు రకాలు. తవ్వడమంటే మట్టిని లోతుగా కోసి తిరగేయడం. చెక్కడం లేదా దోకడమంటే పైపొరను మాత్రమే పలచగా గీరడం. పెకలించడమంటే వేరుతో సహా పైకి లాగడం. ఈ మూడింటికీ పనిముట్టు ఆకారం వేరు, మన ఒంటి కదలిక వేరు.

మామూలు పార తవ్వడానికి చేసింది. బరువుగా ఉంటుంది, రేకు మందంగా ఉంటుంది, ఎత్తి వేస్తే సొంత బరువుతో నేలలోకి దిగుతుంది. దోకుడు పార అలా కాదు. రేకు పలచగా, వెడల్పుగా, తేలిగ్గా ఉంటుంది. ఎత్తి కొట్టరు, ముందుకు వేసి తమ వైపు లాగుతారు. చేతిలో పట్టుకుని కూర్చుని చేసే చిన్న పనిముట్టు ఇంకొకటి. దాన్ని కొన్ని ఊళ్లలో తొలిక అంటారు, ఈమధ్య అంగళ్లలో ఖుర్పీ అని అమ్ముతున్నారు. మొక్క మొదట్లో, రెండు మొక్కల మధ్య సందులో పెకలించడానికి దానికి సాటి లేదు. ఈ పేర్లు ఊరు మారితే మారతాయి. పేరు పట్టుకుని అంగడికి వెళ్లడం కన్నా, ఏ పనికి కావాలో చెప్పి అడిగితేనే సరైనది చేతికొస్తుంది.

ఆన్‌లైన్‌లో కనిపించే వాటిలో 'డచ్ హో' తోసేది. బ్లేడు నేలకు దాదాపు బల్లపరుపుగా ఉంటుంది, మనిషి వెనక్కి నడుస్తూ ముందుకు తోస్తాడు. దోకిన చోటు మళ్లీ తొక్కడు, అదే దాని గొప్ప. కడియంలా వంచిన బ్లేడుతో ముందుకూ వెనక్కూ ఊగేది 'స్టిరప్ హో'. తోసినా కోస్తుంది, లాగినా కోస్తుంది. చక్రం ముందుండి వెనక బ్లేడు బిగించినది 'వీల్ హో'. మన గుంటకను ఎద్దు బదులు మనిషి తోస్తున్నట్టు అనుకోవచ్చు. పొడవాటి చాళ్లున్న పది సెంట్లు, ఇరవై సెంట్ల కయ్యలో అది బాగా కలిసొస్తుంది. పెరట్లో ప్రతి పది అడుగులకూ తిప్పుకోవడంతోనే సరిపోతుంది. 'కోనో వీడర్' అని ఇంకొకటి ఈ గుంపులోనే కలిపి చూపిస్తారు. అది లేత నారును ఎడంగా నాటే శ్రీ పద్ధతి వరిలో, నీళ్లున్న బురద మడిలో తోయడానికి చేసింది. వంగ తోటలో, బెండ చాళ్లలో దానికి పని లేదు.

బ్లేడు ఏ కోణంలో నేలను తాకుతుంది

ఒకే బరువు, ఒకే రేకు ఉన్న రెండు పారల్లో ఒకటి గుంతలు పెడుతుంది, ఇంకొకటి నున్నగా చెక్కుతుంది. తేడా కామకూ, అంటే మనం పట్టుకునే కర్రకూ, బ్లేడుకూ మధ్య కోణంలో ఉంది.

ఒక లెక్క చూద్దాం. కామ పొడవు 5 అడుగులు. నిటారుగా నిలబడి పట్టుకుంటే పై చెయ్యి నేలకు సుమారు మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. అప్పుడు కామ నేలతో దాదాపు 45 డిగ్రీల వాలులో ఉంటుంది. కామకూ బ్లేడుకూ మధ్య కోణం 60 డిగ్రీలైతే, అందులోంచి 45 తీసేయండి. బ్లేడు 15 డిగ్రీల వాలుతో నేలను తాకుతుంది. కూరగాయ చెక్కు తీసినట్టు పలచగా కోసుకుపోతుంది. అదే కోణం 85 డిగ్రీలుంటే బ్లేడు 40 డిగ్రీల వాలుతో దిగుతుంది. లాగేకొద్దీ లోపలికి పోతుంది. మనం చెక్కుతున్నామనుకుంటాం, నిజానికి తవ్వుతుంటాం.

ఇంట్లో పొడుగ్గా ఉన్న మనిషికి చక్కగా తెగే పార పొట్టిగా ఉన్న మనిషి చేతిలో సరిగా తెగదు. కారణం ఇదే. చేతి ఎత్తు మారితే వాలు మారుతుంది. రేకు కామకు కలిసే మెడను కొలిమిలో కాల్చి కొంచెం లోపలికో బయటికో వంచితే సరిపోతుంది. కమ్మరికి అది పెద్ద పని కాదు. ఫ్యాక్టరీలో అచ్చుపోసిన పారకు ఈ వీలు తక్కువ. నా మటుకు నేను కొలిమి పారకే ఓటు వేస్తాను. లారీ కమాను పట్టీని సాగగొట్టి చేసిన బ్లేడుకు అంచు ఎక్కువ రోజులు నిలుస్తుంది, చేసిన మనిషి పక్క ఊళ్లోనే ఉంటాడు.

మొలక ఎక్కడ తెగితే చస్తుంది

మా వీధి చివర ఒక అవ్వ ఉండేది. అర సెంటు స్థలంలో ఆకుకూరలు పండించేది. ఆమె మడిలో కలుపు ఉన్నట్టే ఎప్పుడూ కనిపించేది కాదు. నేను మా మడిలో పార ఎత్తి వేస్తుంటే గోడ అవతల నుంచి చూసి, "గీరాల నాయనా, తవ్వగూడదు. తవ్వితే కింద నిద్రపోయేదాన్ని లేపినట్టే" అంది. ఆ రోజు ఆ మాట నాకు అర్థం కాలేదు.

నేలలో కలుపు గింజలు లెక్కలేనన్ని ఉంటాయి. వాటిలో చాలావరకు మరీ చిన్నవి. అంగుళం లోతు దాటితే వాటి మొలక పైకి రాలేదు, గింజలో అంత సత్తువ ఉండదు. అందుకని లోతులో పడినవి మొలవకుండా ఏళ్ల తరబడి అలాగే ఉండగలవు. చాలా రకాల గింజలకు మొలవడానికి వెలుతురు తగలాలి కూడా. లోతుగా తవ్వి మట్టి తిరగేస్తే ఒక్క క్షణం వెలుతురు తగిలినా వాటికి చాలు. పైనున్న కలుపు పోతుంది, కిందున్న తరం పైకి వస్తుంది. ఆదివారం నుంచి ఆదివారానికి కలుపు ఎందుకు పెరిగిందన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. పైన అంగుళం లోపలే గీరుతూ పోతే ఆ పొరలో మొలిచేవి మొలిచి, తెగి, క్రమంగా తగ్గుతాయి.

మిగతా సగం జవాబు కలుపు వయసులో ఉంది. గింజ పగిలి మొలక ఇంకా తెల్ల దారంలా ఉన్నప్పుడు మట్టి కదిలితే చాలు, చస్తుంది. దాన్ని కోయనక్కర్లేదు కూడా. రెండాకులు విచ్చినప్పుడు కాడ తెగితే చాలు. ఆరేడు ఆకులు వచ్చాక కథ మారుతుంది. ఉదాహరణకు వయ్యారిభామ. దీని ఆకులన్నీ మొదట నేలకు ఆనుకుని ఒక చక్రంలా పరుచుకుంటాయి. వాటి నడుమ, వేరు మొదలయ్యే చోట ఒక ముడి ఉంటుంది. ఆ ముడికి పైన కోస్తే మళ్లీ చిగురు వేస్తుంది. ముడికి కింద కోస్తే పోతుంది. తేడా అర అంగుళమే. పైగా దాని పుప్పొడీ, ఆకుల నూగూ కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తాయి, ఆయాసం తెస్తాయి. పూత రాకముందు, చేతికి తొడుగు వేసుకుని తీసేదే దీన్ని.

గంగవాయిలి కూరది ఇంకో తీరు. కాడ నిండా నీళ్లు. ముక్కలు చేసి తడి నేల మీద వదిలేస్తే ఒక్కో ముక్కా వేరు పోసుకుని ఒక్కో మొక్క అవుతుంది. పారతో దాన్ని కొట్టడమంటే నాటడమే. చేత్తో ఏరి గంపలో వేసుకుంటే ఆ పూట పప్పులోకి పనికొస్తుంది. వెన్నదేవికూర కూడా ముక్కల నుంచి ఇలాగే లేస్తుంది.

నేల పదును: వానకూ ఎండకూ మధ్య అదను

మన వైపు నేలల్లో ఎక్కువ భాగం ఎర్రవి, ఇసుక కలిసినవి. వాన పడిన రోజు బంకగా పారకు అంటుకుంటాయి. నాలుగు రోజులు ఎండ కాస్తే పైన పెంకు కట్టి గట్టిపడతాయి. ఈ రెండింటి మధ్య ఒక అదను ఉంటుంది. పిడికిట్లో మట్టి తీసుకుని నొక్కితే ముద్ద కట్టి, వేలితో తడితే పొడిగా విడిపోవాలి. పదును వచ్చిందంటే అదే.

ఆ అదనులో బ్లేడు మట్టిని చీల్చదు, జారుకుంటూ పోతుంది. తెగిన మొలకలు పైనే పడతాయి. మధ్యాహ్నం ఎండకు వాడి, సాయంత్రానికి వరిగడ్డి పోచల్లా అవుతాయి. పొద్దున ఎనిమిది లోపు చెక్కి వదిలితే ఆ పగటి ఎండే మిగతా పని చేస్తుంది. సాయంత్రం చెక్కితే రాత్రి మంచుకు, చల్లదనానికి కొన్ని మొలకలు తేరుకుని మళ్లీ వేరు పోసుకుంటాయి.

ఇక్కడే మన ప్రాంతానికి ఉన్న ప్రత్యేకత గుర్తుంచుకోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలు. రెండూ మనకున్నాయి. శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు ఈశాన్యం జోరు ఎక్కువ. పలమనేరు, కుప్పం వైపు ఎత్తు ప్రాంతం, చల్లదనం ఎక్కువ. జూలైలో వానకూ వానకూ మధ్య ఎండ దొరుకుతుంది కాబట్టి చెక్కడం ఫలిస్తుంది. నవంబరులో ముసురు పట్టి వారం రోజులు మబ్బు వీడదు. అప్పుడు ఎంత మంచి పారతో చెక్కినా తెగిన కలుపు చావదు, చోటు మారి మళ్లీ నాటుకుంటుంది. ఆ రోజుల్లో నేల మెత్తగా ఉంటుంది కాబట్టి చేత్తో వేరుతో సహా లాగి బయట పారేయడమే ఫలితమిచ్చేది. చలి దేశాల వీడియోలో 'వారానికోసారి చెక్కండి' అని చెప్పింది విని నవంబరులో ఇక్కడ చెక్కితే, మొదట్లో చెప్పిన ఆదివారం కథే మళ్లీ జరుగుతుంది.

అంచు పదును: కొత్త పార ఎందుకు తెగదు

అంగట్లో కొన్న కొత్త పార అంచును బొటనవేలితో అడ్డంగా, మెల్లగా తాకి చూడండి. మొండిగా ఉంటుంది. చాలావాటికి అంచు మీద కూడా రంగు పూసే ఉంటుంది. అది కోయదు, నెడుతుంది. మొలక వంగి, పార దాటిపోయాక మళ్లీ లేచి నిలబడుతుంది. అది తెగడం లేదని మనం ఇంకాస్త గట్టిగా కొడతాం, బ్లేడు లోతుకు దిగుతుంది, మళ్లీ తవ్వడమే అవుతుంది. మొండి అంచు మనకు తెలియకుండానే చెక్కే పనిని తవ్వే పనిగా మార్చేస్తుంది.

మా ఊరి కొలిమి దగ్గర ఒకసారి దీన్ని దగ్గరగా చూశాను. ఆయన పారను రెండు పాదాల మధ్య బిగించి, ఇనుమును అరగదీసే ఆకురాయిని అంచు మీద వాలుగా ఆనించి, ముందుకు తోశాడు. వెనక్కి లాగేటప్పుడు మాత్రం ఆకురాయిని ఎత్తేశాడు. తోసినప్పుడు "స్ర్ర్" మని చప్పుడు, ఎత్తినప్పుడు చప్పుడు లేదు. ఆకురాయి పళ్లు ఒక వైపుకే తెగుతాయి, వెనక్కి రాస్తే పళ్లే అరుగుతాయి. రేకుకు ఒక వైపే వాలు పెట్టాడు. ఆ వాలు సుమారు 30 డిగ్రీలు ఉంటుంది. ఇంకా పలచగా చేస్తే రాయి తగలగానే అంచు మడుస్తుంది, మందంగా ఉంచితే తెగదు. ఇరవై ముప్పై తోపుల్లో నల్లటి రేకు చివర ఒక తెల్ల గీత మెరిసింది. ఆ గీత ఈ చివర నుంచి ఆ చివర దాకా తెగకుండా కనిపిస్తే పదును పట్టినట్టు. ఇసుక పాలు ఎక్కువున్న మన నేలలో ఆ గీత తొందరగా అరిగిపోతుంది. గంటసేపు చెక్కితే ఒకసారి ఆకురాయి తగలాల్సిందే. రోజంతా పనిచేసేవాళ్లు ఆకురాయిని గట్టు మీదే పెట్టుకుంటారు.

కామ బిగువు కూడా ఇందులో భాగమే. తల వదులైతే ప్రతి లాగుడుకూ కోణం మారుతుంది. సీల దిగ్గొట్టుకోవడం, ఎండలకు ఎండిపోయిన కామ తలను కాసేపు నీళ్లలో నానబెట్టడం ఇక్కడ అందరూ చేసే పనే. తుమ్మ కామ బరువు, ఎక్కువ కాలం వస్తుంది. వెదురు తేలిక. చెక్కడానికి తేలికే మేలు.

ఒక పెరటి లెక్క: బ్లేడు ఎంత వెడల్పుండాలి

20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఉన్న పెరడు అనుకుందాం. 600 చదరపు అడుగులు, సెంటున్నరకు కాస్త తక్కువ. రెండడుగుల ఎడంతో పది చాళ్లు, టమాటా, వంగ, బెండ. మొక్క మొదలుకు రెండు వైపులా మూడేసి అంగుళాలు పార పెట్టకుండా వదిలితే చాళ్ల మధ్య అడుగున్నర వెడల్పు మిగులుతుంది. 30 అడుగుల పొడవు, పది చాళ్లు: మొత్తం 450 చదరపు అడుగులు చెక్కాలి.

ఆరంగుళాల బ్లేడుతో ఒక్కో లాగుడు అడుగు పొడవు. పక్క లాగుడు మూడో వంతు ముందుదాని మీద పడుతుంది కాబట్టి కొత్తగా చెక్కేది నాలుగంగుళాల వెడల్పే. లెక్క వేస్తే 1350 లాగుళ్లు. నిమిషానికి ముప్పై అనుకుంటే 45 నిమిషాలు. నాలుగంగుళాల బ్లేడైతే సుమారు 2025 లాగుళ్లు, గంటా ఏడెనిమిది నిమిషాలు. రెండంగుళాల చేతి పనిముట్టుతో కూర్చుని చేస్తే 4050, రెండుంబావు గంటలు. అంత సేపు గొంతు కూర్చోవడమంటే మోకాళ్లు చెప్పే మాట వేరే.

అలాగని ఎంత వెడల్పైతే అంత మంచిదనుకుంటే అదీ తప్పే. ఉల్లి మడిలో వరసల మధ్య దూరం ఆరంగుళాలే ఉంటుంది. రెండు వైపులా రెండేసి అంగుళాలు వదిలితే మిగిలేది రెండు. అక్కడ ఆరంగుళాల పార తీసుకెళ్తే ఉల్లే తెగుతుంది. బ్లేడు వెడల్పును నిర్ణయించేది మన ఓపిక కాదు, వరసల మధ్య మిగిలే సందు. అందుకే ఒక్క పారతో పెరడంతా గడవదు. ఒక దోకుడు పార, ఒక చేతి పనిముట్టు, రెండూ ఉంటే చాలావరకు సరిపోతుంది. మూడోది కొనేముందు ఆకురాయి కొనడం మేలు.

తుంగ, గరిక: పార ఓడిపోయే చోటు

ఇంతవరకు చెప్పింది గింజ నుంచి మొలిచే కలుపు సంగతి. తుంగ దగ్గరికి వస్తే ఈ లెక్కలన్నీ తలకిందులవుతాయి.

తుంగ ఆకు పైన కనిపించే భాగం మాత్రమే. నేలలో నల్లటి చిన్న గడ్డలు, వాటిని కలుపుతూ దారాల్లాంటి కాడలు, గొలుసులా ఉంటాయి. గొలుసు కలిసి ఉన్నంత సేపు ముందున్న గడ్డ వెనకవాటిని మొలవనీయకుండా చాలావరకు అణిచి ఉంచుతుంది. పార వేసి ఆ గొలుసును తెంచితే ఆ అణచివేత పోతుంది, నిద్రపోతున్న గడ్డలు ఒక్కొక్కటే మొలుస్తాయి. ఒక మొక్కను తీస్తే నాలుగు వచ్చాయని జనం అనేది ఉత్త మాట కాదు. మల్చింగ్ షీటు పరిచినా తుంగ ములుకు దాన్ని పొడుచుకుని బయటికొస్తుంది. డ్రిప్పు, షీటు వేసి టమాటా పండించే రైతులకు ఇది బాగా తెలుసు.

దీనికి రెండు దారులున్నాయి, రెండూ ఓపికతో కూడినవే. మొదటిది ఆకలితో చంపడం. ఆకు పైకొచ్చిన మూడు నుంచి ఆరు వారాల్లో కొత్త గడ్డలు పడతాయి. ఆ లోపే, రెండు మూడు వారాలకోసారి, పైపైన ఆకు కోస్తూ పోతే గడ్డ తనలో దాచుకున్న బలమంతా మొలవడానికే ఖర్చు చేసుకుంటుంది. ఒక కారు, అంటే ఒక పంట కాలం, తప్పకుండా చేస్తే పలచబడుతుంది. మధ్యలో నెల రోజులు వదిలేస్తే మళ్లీ మొదటికి. రెండోది ఎండ. ఏప్రిల్, మే నెలల్లో మడి ఖాళీగా ఉన్నప్పుడు లోతుగా తవ్వి గడ్డలను పైకి తెచ్చి ఎండకు వదిలేయడం. తడి తగలకుండా ఎండితే తుంగ గడ్డ బతకదు. తవ్వగూడదన్న మాటకు ఉన్న పెద్ద మినహాయింపు ఇదే. మన పెద్దలు వేసవి దుక్కి అంత పట్టుగా దున్నించడంలో ఇదీ ఒక కారణం. గరికకూ వేసవి ఎండే మందు. దాని ప్రతి కణుపూ వేరు పోస్తుంది కాబట్టి తవ్వాక ముక్కలు ఏరడం తప్పదు.

చెక్కితే నీళ్లు మిగులుతాయా? వాదనలు

నేలను చెక్కి పైన పొడి మట్టి పొర ఉంచితే ఒక తడి, అంటే ఒకసారి పెట్టే నీళ్లు, కలిసొస్తుందని సేద్యం చేసేవాళ్లలో గట్టి నమ్మకం. కింది తేమ పైకి పాకే సన్నని దారులు తెగిపోతాయని దానికి చెప్పే కారణం. ఇందులో నిజం ఉంది, కానీ చెప్పుకునేంత కాదు. ఇసుక పాలు ఎక్కువున్న నేల పైపొర ఎలాగూ త్వరగా ఎండి, తనంతట తానే ఆ దారులను తెంచేసుకుంటుంది. చెక్కినందువల్ల మిగిలే నీళ్లలో పెద్ద వాటా కలుపు తాగకుండా ఆగినదే. నల్లరేగడిలో మాత్రం సంగతి వేరు. అక్కడ ఎండకు నెర్రెలు విచ్చుతాయి, చెక్కిన పొడి వాటిని పూడుస్తుంది, అది కంటికి కనిపించే మేలు. పెంకు కట్టిన ఎర్ర నేలలో ఇంకో మేలుంది: పెంకు పగిలితే తర్వాతి వాన పైన పారిపోకుండా లోపలికి ఇంకుతుంది.

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు అసలు మట్టినే కదిలించొద్దంటారు. ఎండుగడ్డి, ఆకులు, వేరుశనగ పొట్టు మూడు నాలుగు అంగుళాల మందాన పరిచి వెలుతురు ఆపేస్తే గింజే మొలవదన్నది వాళ్ల మాట. గింజకు వెలుతురు కావాలన్నది నిజం కాబట్టి ఈ వాదనకు గట్టి బలమే ఉంది. వానపాములు నిలుస్తాయి, తేమ నిలుస్తుంది. దీనికున్న ఇబ్బందులూ నిజమే. సెంటు స్థలానికి కావలసినంత గడ్డి టౌన్‌లో దొరకడం కష్టం, ఆకుకూర విత్తనం చల్లిన మడిలో మొలక వచ్చేదాకా కప్పలేం, తుంగ దీన్నీ లెక్కచేయదు. నా అనుభవంలో రెండూ కలిపితేనే బాగుంది. మొక్క మోకాలెత్తు వచ్చేదాకా చెక్కడం, తర్వాత కప్పడం.

కలుపు మందు సంగతి పెరటి వరకు క్లుప్తంగానే చెప్పుకోవచ్చు. పది రకాల కూరగాయలు పక్కపక్కన ఉన్న చోట కలుపును మాత్రమే చంపి అన్నిటినీ వదిలే మందు లేదు. గ్లైఫోసేట్ అనే కలుపు మందు వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో పరిమితం చేసింది. లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇతరులు కొట్టకూడదు. పక్క చెరకు తోటలోనో వరి మడిలోనో కొట్టిన 2,4-డి అనే కలుపు మందు గాలికి వచ్చినా టమాటా ఆకులు సన్నబడి మెలి తిరుగుతాయి. పెద్ద చేలలో కూలీ దొరకని రైతు మందు వైపు చూడటాన్ని తప్పుపట్టలేం. అతని లెక్క వేరు. పెరటి లెక్క 45 నిమిషాల పార.

కామ పొడవు, నడుము నొప్పి

మన పొలాల్లో కలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్లు. ఉదయం నుంచి సాయంత్రం దాకా వంగో, గొంతు కూర్చునో. పొట్టి కామ ఉంటే పని దగ్గరగా కనిపిస్తుంది, మొక్క తెగకుండా తీయొచ్చు. ఈ మాట నిజమే. కానీ దాని ఖరీదు నడుము కడుతుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో పెద్ద రైతులు సరిగ్గా ఇదే కారణం చెప్పి కూలీలకు పొట్టి పారలిచ్చేవారు. వెన్నుకు శాశ్వతంగా హాని జరుగుతోందని కూలీలు ఏళ్ల తరబడి పోరాడాక, 1975లో అక్కడ పొట్టి కామ పారను నిషేధించారు. పొడుగు పార వచ్చినంత మాత్రాన అక్కడి తోటలు మూతపడలేదు.

పొడవు ఎంతన్న దానికి ఒక తేలిక కొలత ఉంది. పారను నిటారుగా పక్కన నిలబెడితే కామ కొస గడ్డానికీ చెవికీ మధ్య రావాలి. బొటనవేళ్లు పైకి ఉండేలా, చీపురు పట్టినట్టు పట్టుకుంటే నడుము వంగదు. దీనికీ మొదట చెప్పిన కోణానికీ లంకె ఉంది. తవ్వే పారకు పొడుగు కామ తగిలించినంత మాత్రాన అది దోకుడు పార కాదు, మెడ కోణం కూడా మారాలి. ఈ ఒక్కటీ తెలియక పొడుగు కామ పనికిరాదని తీసేసినవాళ్లను చాలామందిని చూశాను.

పార పక్కన పెట్టే రోజు

కలుపు తీయడానికి ప్రతి పంటకూ ఒక గడువుంటుంది. ఆ గడువు దాటాక మొలిచిన కలుపు దిగుబడిని పెద్దగా తగ్గించలేదు. టమాటా నారు నాటాక మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు కీలకం. ఆ తర్వాత దాని నీడే కిందివాటిని అణుస్తుంది. బెండకు విత్తిన రెండో వారం నుంచి ఆరో వారం దాకా. ఉల్లికి ఈ సుఖం లేదు. నిటారుగా, సన్నగా పెరిగే ఆకు ఎప్పటికీ నీడ పట్టదు కాబట్టి దాదాపు గడ్డ ఊరేదాకా కాపలా కాయాలి.

మన జిల్లాల పంట వేరుశనగకు గడువు ఇంకో కారణంతో వస్తుంది. పూత తర్వాత ఊడలు నేలలోకి దిగి, అక్కడ కాయ కడతాయి. అందుకని విత్తిన 45 రోజుల తర్వాత గుంటక తోలరు, పార పెట్టరు. అప్పటికి చాళ్లలో కలుపు మిగిలి ఉంటే, ఊడ కదలకుండా ఒక చేత్తో మొక్క మొదలు నొక్కిపట్టి, ఇంకో చేత్తో ఒక్కొక్కటే లాగుతారు.